అదనపు వ్యయం లేకుండా

మల్కాపురం మునిసిపల్ హైస్కూల్లో
పై అంతస్తు చివరి గది మాది.
స్కూలు పేరు పక్కన 'ప్లస్' అని
ఎర్ర రంగుతో కొత్తగా రాయించారు.
పెయింటరుకి ఇవ్వాల్సిన నాలుగొందలు
ఇంకా బిల్లులోనే ఉన్నాయి.

పది తర్వాత రెండేళ్లూ ఇక్కడే చదువుకోవచ్చని
జూన్‌లో ఆటోకి మైకు కట్టి
ములగాడ దాకా, గుల్లలపాలెం దాకా తిరిగాం.
సీఈసీకి అరవై రెండు మంది వచ్చారు.
బైపీసీకి పధ్నాలుగు.

జోనల్ ఆఫీసులో
ఏసీ కింద కూచున్న అకౌంట్సాయన
చెడ్డవాడేం కాదు.
మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందని అడిగితే
చూపు ఫైల్లోకి దించుకున్నాడు, అంతే.
"ఇరవై లేకపోతే గ్రూపు నడపలేం మాస్టారూ.
కామర్సుకి సుద్దముక్క చాలు.
మీ బైపీసీకి గాజు కావాలి, గ్యాసు కావాలి,
జువాలజీకి మనిషి కావాలి.
ఆ పధ్నాలుగు మందినీ సీఈసీలో కలిపేయండి,
ఏదైనా చదువే కదా."

నేను కెమిస్ట్రీ. బాటనీ కూడా నేనే.
ఆరు బ్యూరెట్లలో నాలుగు కారతాయి.
కారే చోట మైనం అద్ది,
అప్పటికీ కారింది తీసేసి లెక్క కట్టడం
పిల్లలకి నేర్పాను.
ఏ సిలబస్‌లోనూ లేదది.

హెడ్మాస్టరు అప్పలనరసయ్య గారు
రిజిస్టరు నా ముందుకి తోసి
మూత తీసిన పెన్ను దాని మీద పెట్టారు.
"ఆరు పేర్లే కదా, ఏటైపోద్ది?"
పోర్టు బొగ్గు నుసి
పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి
కిటికీ మీద అట్ట కడుతుంది.
దాని మీద వేలితో ఆరు గీతలు గీసి
అరచేత్తో చెరిపేశాను.
ధైర్యమేం కాదు.
లేనివాళ్లకి రోజూ హాజరు వెయ్యాలంటే
ఓపిక ఉండాలి.

గరికిన నూకరత్నాన్ని పిలిచి చెప్పాను:
"సీఈసీ అయితే ఢోకా ఉండదమ్మా,
బ్యాంకు పరీక్షలూ అవీ..."
"బేంకులో చేపలుండవు కదండి" అంది.
నవ్వలేదు.
"మా యమ్మ రోజుకి నూరు చేపలు కోస్తాది.
లోపల ఏటెక్కడుంటాదో అన్నీ తెలుసు.
ఎందుకుంటాదో తెల్దు.
నాకదే కావాల."

జులై ఆఖర్న కాగితం వచ్చింది.
ఈ ఒక్క ఏడాదికి అనుమతి.
కింద, సంతకానికి కాస్త పైన:
'అదనపు వ్యయం లేకుండా.'
హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడిచి మళ్లీ చదివారు.
"అంటే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

జువాలజీ కూడా ఇక నేనే.
మొదటి ప్రాక్టికల్‌కి రెండు జాడీలున్నాయి,
ఒకదాంట్లో ఫార్మలిన్ ఎండి
కప్ప అట్టముక్కైపోయింది.
పదిన్నరకి నూకరత్నం వచ్చింది
హార్బర్ నుంచి సరాసరి.
గోనెసంచిలో ఐసు, ఐసులో టేకుచేప.
బెంచి మీద పాత పేపరు పరిచాం,
ఏదో కార్పొరేట్ కాలేజీ ప్రకటన:
ఒకటి, ఒకటి, ఒకటి,
పేజీ నిండా పాస్‌పోర్టు మొహాలు.
కత్తి తనదే.
తోక ముల్లు ముందు తీసేసి
అందర్నీ వెనక్కి జరగమంది.
తెల్లటి పొట్ట మీద ఒక్క గీత.
తను తెరుస్తుంటే నేను పేర్లు చెబుతున్నాను,
ఒకచోట పేరు దొరక్క ఆగిపోయాను.

లోపల పిల్ల.
రెండు రెక్కలూ చుట్టుకుని.
"మా మామ్మ చుట్టలాగుందండి!"
పధ్నాలుగు తలలు వంగాయి.
"చేపలు గుడ్లు కదా సార్ పెడతాయి?"
అన్నీ కాదు, అన్నాను.
ఎందుకని అడిగారు.
పుస్తకం తెచ్చుకుని
నేనూ వాళ్లతో పాటు వెతికాను.
గంట ఎప్పుడు కొట్టారో తెలీదు.

"ఎంతమ్మా ఇది?"
"అమ్మితే రెండొందల ఎనభై అండి"
కుళాయి కింద కత్తి కడుగుతూ అంది.
స్టాకు రిజిస్టరు తెరిచాను.
తేదీ వేశాను. టేకుచేప, ఒకటి.
వ్యయం గడిలో
సున్నా చుట్టాను.

నూకరత్నం నా భుజం మీంచి చూసి
"మా యమ్మకి మాత్రం
సెప్పకండి" అంది.