మంచు అన్న మాట

నా పేరు మసెరెకా.
అర్థాలు వెతక్కండి, మూడో కొడుకుని, అంతే.
ముందు బలూకు, వాడి వెనక బ్వాంబాలే, ఆ వెనక నేను.
ఈ లోయలో ఎవర్ని కేకేసినా
పదిమంది తలలు తిప్పుతారు.
మా కొంజోల్లో పేరంటే
అమ్మ కడుపులోంచి దిగిన వరసలో
మనం నిలబడ్డ చోటు.

కొండకి మాత్రం వరస లేదు.
అది అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది.

దానికి మార్గరీటా అని పేరు.
దూరదేశపు రాణిగారి పేరట.
ఆవిడ ఈ బురద తొక్కలేదు.
బిగో ఊబిలో గడ్డి దుబ్బు మీంచి దుబ్బు మీదకి దూకుతూ
గురి తప్పి నడుం దాకా కూరుకుపోలేదు.

మా తాత ఒక దొర పెట్టె మోశాడంటారు,
గాజు గొట్టాలు, పాదరసం,
గడ్డిలో చుట్టిన కోడిగుడ్లలా.
ఒకనాడు మబ్బు కాస్త చిరిగితే
దొర వేలు చూపించి "ఏమిటది?" అన్నాడట.
"న్జురూరు" అన్నాడు తాత.
మంచు.
ఆయన అడిగింది పేరో, వస్తువో
తాతకి తెలియదు.
మాకు రెండూ ఒకటే.
దొర తలూపి ఇంకేదో రాసుకున్నాడు.

ఎంత ఎత్తని అడుగుతారు నా వెంట వచ్చేవాళ్ళు.
ఐదువేల నూట తొమ్మిది మీటర్లంటాను.
కొలిచిన ప్రతివాడూ ఆ చివరి అంకె దగ్గర పోట్లాడతాడు.
పైన ఒక కాలు ఉగాండా, ఒక కాలు కాంగో.
అవతలివాళ్ళదీ మా మాటే.
కాగితాలడిగే జవాను
ఇంకా అంత ఎత్తుకి ఊపిరి తెచ్చుకోలేదు.

ఏడాదిలో మూడొందల రోజులు ఇది ముసుగు తియ్యదు.
వాన, నీళ్ళ పొగ, వడగళ్ళు, మళ్ళీ వాన.
చీకటి పడగానే
సెనీసియో చెట్టు మొగ్గ మీదకి ఆకులన్నీ ముడుచుకుంటుంది.
ఎండిన ఆకుల్ని పారెయ్యదు,
మొద్దుకే చుట్టుకుంటుంది
గోనెసంచి కప్పుకున్న ముసలాడిలా.
లొబీలియా దోసిట్లో నీళ్ళు
పైన గాజుబిళ్ళలా గడ్డకడతాయి.
బిళ్ళ పగలగొట్టి వేలు ముంచాను చాలాసార్లు,
అడుగున కదులుతూనే ఉంటాయి.

నేను కుర్రాడిగా ఎక్కినప్పుడు
మంచు మీద నుంచే ఆ రాతిగట్టు మీదకి కాలు వేశాను.
ఇప్పుడక్కడ నిచ్చెన.
రెండేళ్ళకోసారి అడుగున మెట్లు అతికిస్తాం.
నిచ్చెన ఎదుగుతోందని నవ్వుతారు కొత్త కూలీలు.
నేల కుంగుతోందిరా నాయనా.

ఒక రాత్రి న్యంవాంబా బండల్ని దొర్లించుకుంటూ ఊళ్ళోకొచ్చింది.
ఏరు కాదు, గుంపు.
మా అక్క మసికా ఆసుపత్రి గోడెక్కి కూర్చుంది
ఒళ్ళో మేకతో, తెల్లారేదాకా.
మంచు కరిగి వచ్చిందన్నారు కొందరు.
వట్టి వానేనన్నాడు వాతావరణం ఆఫీసాయన.
మేకని ఎవరూ అడగలేదు.

నా కూతురు ముహిందో.
ముగ్గురు మగపిల్లల తర్వాత ఆడపిల్ల, వరస మారిందని ఆ పేరు.
బడిలో వానకొలత డబ్బా దానిదే,
రోజూ ఎనిమిదింటికి మిల్లీమీటర్లు రాస్తుంది,
సెలవుల్లో కూడా.
మొన్న అడిగింది:
"మంచంతా పోయాక
న్జురూరు అంటే ఏమిటని చెప్పాలి నాన్నా?"

తాతనడగాల్సిన ప్రశ్న.

శనివారం కసేసే సంతకి వెళ్ళాం.
సోడాకొట్టు ఫ్రీజర్ గోడ గోకి
గుప్పెడు తెల్లపొడి తెచ్చి నా అరచేతిలో పోసింది.
"ఇదేనా?"
కాదన్నాను.
ఎందుకు కాదో చెప్పబోయి
ఇద్దరం చూస్తూ ఉండిపోయాం,
అది వేళ్ళ సందుల్లోంచి పోయేదాకా.

చెయ్యి చొక్కాకి తుడుచుకుని
ఇనపసామాన్ల కొట్టు వైపు నడిచాను.
ఈసారి నాలుగు మెట్లు కావాలి.