నూట పన్నెండో పేజీ

ఆబిడ్స్‌లో ఆదివారం, మూసిన షట్టర్ల ముందు
నలభై రూపాయలకు దొరికింది ఆస్ట్రేలియా.
అట్ట మీద ఎర్రమట్టి, ఒక గాలిమర,
లోపల ఎవరిదో కొట్టేసిన పేరు.
ముప్పైకిమ్మన్నాను. వినలేదు.
పైన దుమ్ము మాత్రం దులిపిచ్చాడు,
లోపలి దుమ్ము సంగతి అతనికి తెలీదు.

డిసెంబరులో ఎండలు కాసే దేశం.
క్రిస్మస్ నాడు వడగాడ్పు.
మూడు పేజీల దాకా నెలలు కుదరక తికమకపడ్డాను.
తర్వాత వాటంతటవే కుదిరాయి:
మే నెల, విద్యానగర్‌లో మూడో అంతస్తు,
జలమండలిలో గుమాస్తానైన నేను
రాత్రి రెండింటికి ట్యాంకర్ కోసం మేలుకుని
ఖాళీ బకెట్ల మధ్య చదువుతున్నాను.
ఎండిన వాగు ఒడ్డున ఆ ఇల్లాలు
నీళ్ళు కొలిచి పోస్తుంటే
నా చెయ్యి గిన్నె చాపింది.

కథ చిన్నదే. గొర్రెల దొడ్డి అంచున
ఆరేళ్ళ పిల్ల తప్పిపోతుంది.
నాలుగో రోజున ఒక నల్లని ముసలివాడు
వంగిన గడ్డిపోచల్ని చదువుకుంటూ పోయి
పిల్లను భుజానేసుకొస్తాడు.
నేను రెండుసార్లు ఏడ్చాను,
తల్లి కోసం ఒకసారి,
పిల్ల కళ్ళు తెరిచినందుకు ఒకసారి.
ఆఫీసులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను, చదవండి అని.

షాహెదా ఎండంతా దాటేసి
చివర్లో వాన పడిందో లేదో చూసి తిరిగిచ్చింది.
కొమురయ్య సారు గొర్లు కాసిన ఇంటివాడు.
"ఉన్ని కత్తిరిచ్చుడు సక్కగ రాసిండు,
గనీ గొర్రె వాసన పట్టలే.
మా నాయిన గొంగడి కప్పుకుంటే ఎరుకయ్యేది ఆయనకు."

దేవదానం నల్లా మీటర్లు చదివే మనిషి.
నాలుగు నెలలుంచుకున్నాడు.
అడగడానికి మొహమాటమై, పోయిందిలే అనుకున్నాను.
ఓ సోమవారం నా టేబుల్ మీద పెట్టి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.
పుస్తకమంతా తెల్లగానే ఉంది.
నూట పన్నెండో పేజీలో మాత్రం
ఒకే ఒక వాక్యం కింద పెన్సిల్ గీత,
కాగితం చిరిగేంత లోతుగా:
పిల్లను దించాక ముసలివాడికి టీ ఇచ్చారు,
వరండా బయట, వేరే రేకు మగ్గులో.

రెండుసార్లు చదివినదాన్ని.
ఆ వాక్యం మీంచి రెండుసార్లూ
గడప దాటినట్టు దాటిపోయాను.

మళ్ళీ మొదటి నుంచి వెతికాను.
గుర్రానికి పేరుంది. కుక్కకుంది.
గాలిమరక్కూడా ఆ ఇంట్లో ఒక ముద్దుపేరుంది.
అతనికి లేదు.

టీ బండి దగ్గర కలిశాడు దేవదానం.
గీత చూశానన్నాను. తలూపాడు.
"ఇప్పుడన్నీ కాగితం కప్పులే కదా, అందరికీ ఒకటే"
అనేశాను. అనకుండా ఉండాల్సింది.
ఊదుకుంటూ తాగి, కప్పు నలిపి,
"కప్పు ఒకటే మేడమ్.
ఇల్లు కిరాయికి అడిగితే తెలుస్తది" అన్నాడు.
ఆ నెల పదకొండిళ్ళు చూశాడట,
రామంతాపూర్ నుంచి నాచారం దాకా.
అందులో మూడు గేట్లు
నెలనెలా మీటరు కోసం తనకు తెరుచుకునేవే.

"ఇంతకీ బుక్కు నచ్చిందా?"
"అడుగులు సదివే తాత నచ్చిండు.
రాసినాయన దాసిపెట్టలే, మగ్గుతో సహా రాసిండు.
సదివెటోల్లే..." అని ఆగి
హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంటికొస్తే మా గేటుకు టులెట్ బోర్డు.
కింద చిన్నక్షరాల్లో, శాకాహారులకే.
ఎన్నాళ్ళుగా వేలాడుతోందో
వాచ్‌మన్‌ని అడిగితే నవ్వాడు.

ఆ రాత్రి మార్జిన్‌లో
ముసలివాడికొక పేరు రాయబోయాను.
నాకు తోచిన పేర్లన్నీ ఇక్కడివి.
ఒకటి రాసి చెరిపాను. కాగితం నల్లబడింది.

నిన్న పక్క ఫ్లాట్ అమ్మాయి అడిగింది,
చదవడానికేమైనా ఉందా ఆంటీ అని.
ఇచ్చాను.
ఏడుస్తావని మాత్రం చెప్పలేదు.