ఎడమ భుజం

పందొమ్మిదేండ్లుగా
ఎడమ భుజం మీద ఒకే వారు.
తోలు సంచి, చిల్లర బరువు,
అందులో నాది కాని డబ్బు.
అద్దంలో చూసుకుంటే
ఒక భుజం గట్టున, ఒక భుజం గుంతలో.
రవికెలు కుట్టే మాబున్ని
నేను చెప్పకుండానే ఎడమపక్క అరంగుళం దించి కత్తిరిస్తుంది.

అనంతపురం నుంచి గుత్తి, గుత్తి నుంచి అనంతపురం.
గార్లదిన్నె, పామిడి. మళ్ళీ పామిడి, గార్లదిన్నె.
ఊరు రాకముందే కొండ వస్తుంది,
రాయి మీద రాయి ఎక్కి కూర్చున్న కోట.
"గుత్తి దిగేవాళ్ళు రాండి, రాండి" అని
ఎన్ని వేలసార్లు అరిచినానో.
దిగినోళ్ళలో నేను లేను.

ఈ ఆదివారం ఎక్కుతాండా.
డిపోలో ఐదుగురం ఆడోళ్ళం,
తెల్లారుజామున ఫస్ట్ సర్వీసుకి,
టికెట్ కొనుక్కొని.
"దానికి బ్యాగెందుకు పెన్నక్కా,
ప్లాస్టిక్ కవరు సాలదా" అన్నాడు డ్రైవరు ఓబులపతి.
సాలదు.

పాతూరులో బ్యాగుల అంగడి.
పిల్లోడు అడిగినాడు:
"లేడీసుదా మేడం? పింకుదుండాది."
రంగు అడగలేదప్పా,
వీపుకు అడుగుతాండా.

మొదటిది మగోళ్ళ కొలత.
నడుం పట్టీ తొడ మీదికి జారింది,
మెడ వెనక గోడ లేచి
తలెత్తి కొండ చూడనీయదు.
రెండోది చిన్నది, చూస్తే ముద్దొస్తుంది.
వార్లు తిన్నగా దిగి రొమ్ముల మీద కూర్చున్నాయి,
ఊపిరి తీస్తే ఫుట్‌బోర్డు కాడ ఎవరో అడ్డం నిలబడినట్టు.
ఆ మాటే చెప్పినా.
పిల్లోడు ఫ్యాను వైపు చూసినాడు.

గల్లా కాడ పద్దు రాసుకుంటున్న వాళ్ళమ్మ గంగరత్న
టేపు పట్టుకొని లేచి వచ్చింది.
"మెడ వంచు.
వంచితే ఉబికే ఎముకుండాదే, ఆడినుంచి
తుంటి మీద చెయ్యేస్తే బొటనవేలు ఆనే తావు దాకా."
పదహారుంపావు.
"మనిషివి పొడుగే గానీ వీపు పొట్టి" అని నవ్వింది.
నలభై నాలుగేండ్లకు
నా వీపెంతో నాకు తెలిసింది.
రవికెకు కొలిచినోళ్ళెవరూ
ఎముక దాకా రాలేదు.

మూడోది ఖాళీగా తగిలించుకుంటే బాగానే ఉంది.
ఖాళీగా ఉంటే అన్నీ మంచివే,
పెండ్లిచూపుల్లో పెండ్లికొడుకు మాదిరి.
"బరువేసి చూడల్ల" అన్నా.
పక్కంగడి నుంచి ఆరు కిలోల శెనక్కాయలు చేబదులు,
పైన నా నీళ్ళ బాటిలు.
ముందు నడుం పట్టీ, తర్వాత భుజాలవి,
గంగరత్న చెప్పినట్టే బిగించుకుంటా పోతే
బరువు భుజం దిగి
తుంటి ఎముకల మీద కూర్చుంది,
గార్లదిన్నెలో సీటు దొరికిన ముసలామె మాదిరి,
నెమ్మదిగా, మొత్తంగా.
వార్లు రొమ్ముల పక్కనుంచి వంకర తిరిగి పోయినాయి.
ఎదపట్టీ పైకి జరపమంటే జరిగింది,
ఆగమన్న చోట ఆగింది.

అంగడికి మూడు మెట్లు.
ఎక్కినా, దిగినా, మళ్ళీ ఎక్కినా.
స్టూలు కూడా ఎక్కినా.
శెనక్కాయలు గలగలమన్నాయి.
నడుం కాడ ఒక కుట్టు మాత్రం గీసుకుంటాంది.
చెమట పడితే ఇంకా గీసుకుంటుంది.
దానికి మెత్తటి గుడ్డ మాబున్నితో వేయించుకుంటా.
అందరికీ సరిపోయే సీటు
ఏ బస్సులోనూ చూడలేదు నేను.

మూడు వేల రెండొందలది
రెండు వేల ఏడొందలకు దిగేసరికి
ముగ్గురం కలిసి చేబదులు శెనక్కాయలు
కిలో దాకా ఒలిచేసినాం.
వాటి డబ్బులూ నేనే ఇచ్చినా,
నా పర్సులోంచి.
రాత్రికి ఈ లెక్క
ఎవరికీ అప్పజెప్పేది లేదు.

టవర్ క్లాక్ దాకా తగిలించుకొనే నడిచినా,
చూసేవాళ్ళు చూసినారు.
రెండు భుజాలకూ సమంగానే వేసుకున్నా గానీ
ఎడమది నమ్మడం లేదు.
మాటిమాటికీ లేచి చూస్తాంది,
బరువు యాడికి పోయిందా అని.
చెయ్యి కూడా అంతే.
టికెట్, టికెట్ అన్నట్టు పక్కకు పోయి,
అక్కడ సంచి లేక,
ఊరికే గాలిని తడిమి
వస్తాంది.