పద్నాలుగో నంబరు

పీణ్యా రెండో స్టేజీ, పౌడర్ కోటింగ్ షెడ్డు వెనక మా ల్యాబు.
సీసా మీద పేరుండదు, అంకెలే.
జుట్టు రంగో, బొట్టుబిళ్ల జిగురో,
పసిపిల్లల నూనెలో కలిపే సువాసనో
నాకు చెప్పరు. చెప్పకూడదు.

ముందు చిట్టెలుకలుండేవి.
చెవి మీద ఒక్క చుక్క, మూడు రోజులు, ఒకే వేళకి.
ఆరో రోజు చెవి కింద బిళ్ల కట్టిందా లేదా
కోసి చూసేవాళ్లం.
గోకుడు: ఉంది. గోకుడు: లేదు.
నా చేతిరాత బాగుంటుందని ఆ కాలమ్ నాకే ఇచ్చారు.

ఇప్పుడు పళ్లెంలో కణాలు.
రసాయనం కుడితే మిణుగురుల్లా వెలుగుతాయి,
మిషను లెక్కపెడుతుంది.
ఎలుకల గదిలో అట్టపెట్టెలు.

చర్మం సంగతి ఒకటుంది.
మొదటిసారి పల్లెత్తు మాటనదు.
కిరాణా శెట్టిలా పద్దు రాసుకుని ఊరుకుంటుంది.
మళ్లీ గడప తొక్కావా,
వడ్డీతో సహా.

కిందటి ఆషాఢంలో నా మణికట్టు మీద
ఎర్రటి గీత.
సరిగ్గా గ్లౌజు అంచు ఆగే చోట.
దోమనుకున్నాను. సబ్బు మార్చాను.
హిందూపురం నుంచి అక్క ఫోనులో
"నీకేదో పడలేదే, వంకాయ మానెయ్" అంది.
మేం నలభై పేజీల్లో రాసేది
అక్క ఒక్క మాటలో తేల్చేసింది: పడలేదు.
వంకాయ తప్ప.

మల్లేశ్వరం డాక్టరమ్మ నా వీపంతా బిళ్లలంటించి
పెన్నుతో నంబర్లు వేసింది.
రెండు రోజులు స్నానం లేదు, గోకడం లేదు.
మెట్రోలో ఎవరికీ వీపు తగలకుండా
తలుపు పక్కన నిలబడ్డాను,
నేను చదవలేని పరీక్ష కాగితం మోస్తూ.
రాత్రి రెండింటికి ఎడమ భుజం కింద మొదలైంది.
పిడికిళ్లు దిండు కింద పెట్టుకుని
ఆ కాలమ్ గుర్తుచేసుకున్నాను.
ఎన్నిసార్లు "లేదు" అని రాశానో,
చూడకుండా.

పద్నాలుగు: రెండు ప్లస్‌లు.
రబ్బరు తయారీలో కలిపే మందు.
నన్ను కాపాడమని తొడుక్కున్నదే.

ఇవాళ కొత్త సీసా వచ్చింది.
నీలం గ్లౌజులు కావాలి, పెట్టె లోపల గదిలో ఉంది.
తలుపు ముందు ఎప్పట్లాగే చెన్నవీరయ్య చెప్పులు.
మేత వేసే పనిపోయి రెండేళ్లయినా
అక్కడే విడుస్తాడు.
ఎందుకని ఎప్పుడూ అడగలేదు.
నావీ విడిచి
లోపలికెళ్లాను.