బుధవారం సగం టికెట్టు

ట్రియెస్తెలో బోరా గాలి లేచిన రోజు
గొడుగు ఎవరూ తెరవరు.
నేను సినిమాకి వెళ్తాను.
బుధవారం ముసలివాళ్లకి సగం టికెట్టు.
పక్క సీట్లో ఫుల్వియా, ఆమె ఒళ్లో దగ్గుబిళ్లల డబ్బా.

ప్రేమ కామెడీల్లో
పిల్లకి పూలకొట్టు ఉంటుంది, అద్దె ఉండదు.
ఒక్క ఫోనుతో తేలిపోయే అపార్థాన్ని
గంటన్నర తీగపాకంలా లాగుతారు.
చివర్న ఎవడో వానలో పరిగెడతాడు,
వాడి మోకాళ్లు నొప్పెట్టవు.

ఇక అవార్డుల సినిమా:
కిటికీలో పొగమంచు. తొమ్మిది నిమిషాలు.
కునుకు తీసి లేచాను. అదే పొగమంచు.
"అది మౌనం, ఓందీనా" అంటుంది ఫుల్వియా.
మౌనానికి నేను డబ్బు కట్టడమేమిటి?
ఇంట్లో బోలెడుంది, కావాలంటే వాళ్లకే అమ్ముతాను.

అయితే ఒకటి.
పోయిన నెల, పేరు నోరు తిరగని ఏదో సినిమాలో
ఒక ముసలాయన బూటు లేసు కట్టుకుంటాడు.
కడుతూనే ఉంటాడు.
వెనక వరసలో కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.
ఎగీదియోకి ఆఖరి చలికాలం
సరిగ్గా అంతసేపే పట్టేది.
నేను కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి
"తెములు, ట్రాము పోతుంది" అనేదాన్ని.

ఆ ఫోను సంగతి కూడా చెప్పేస్తాను.
డెబ్బై ఒకటిలో మా హాలు గోడకి ఒకటుండేది.
పదకొండు రోజులు దాని కింద కుర్చీ వేసుకుని
ఊలు అల్లాను, చెయ్యలేదు.
పన్నెండో రోజు ఆయనే వచ్చాడు,
ట్రాము దొరక్క, కొండమెట్ల దారిన, రొప్పుతూ.
వాన మాత్రం లేదు.

ఇదంతా ఫుల్వియాకి చెప్పను.
వచ్చే బుధవారం మళ్లీ ఏదో పొగమంచేనట.
బిళ్లలు ఇంకొన్ని తెమ్మన్నాను.