కంటి ఎత్తు

రెండో రోజు ముందుగదిలోకి నిజం పువ్వులొచ్చాయి.
ప్లాస్టిక్ లిల్లీలు ఏ బీరువాలో ముఖం చాటేశాయో.
మొన్నటిదాకా అడుగు కనబడిన సూపులో
చెంచా నిలబడుతోంది.
ప్రోసర్ మేడమ్ నన్ను పేరుపెట్టి పిలిచింది.
ఎలినెడ్‌ని ఎలెన్ అంది,
అయినా పిలిచింది.

నాకిది కొత్త కాదు.
ఈ వేల్స్ కొండల్లో, పలక రాయి తవ్వే గనిలో
ముప్పై ఒక్క ఏళ్ళు కాటా గుమస్తాను.
ఇన్‌స్పెక్టర్ కారు వంపు తిరిగిందంటే
కింది సొరంగాల్లో దీపాలు వెలిగేవి,
తెగిన గొలుసు మీద గోనెపట్టా పడేది,
దగ్గేవాళ్ళకి ఆ పూట సెలవు.
పుస్తకంలో 'అంతా సవ్యం' అని రాసింది
నా చెయ్యే.
మా ఊరి కప్పులన్నీ పలకలే,
కింద పలికినవాళ్ళే తక్కువ.
ఆ చేతికిప్పుడు వణుకు.
వయసమ్మా, శిక్ష కాదు అంటాడు డాక్టరు.
నేను పూర్తిగా ఒప్పుకోను.

పదకొండింటికి నా గది తలుపు తెరుచుకుంది.
ముందు ప్రోసర్, వెనక మెడలో కార్డుతో ఓ అమ్మాయి.
"ఇది పద్నాలుగో నంబరు" అంటోంది ప్రోసర్,
గదినో, నన్నో.

"బయటికెళ్ళి, తలుపు తట్టి రండి" అన్నాను.

ప్రోసర్ నవ్వింది,
పసివాళ్ళు తిడితే నవ్వినట్టు.
అమ్మాయి నవ్వలేదు.
వెళ్ళింది. తలుపు మూసింది. తట్టింది,
పక్కింటావిడ పంచదార కోసం వచ్చినట్టు
మెత్తగా మూడుసార్లు.
నాలుగేళ్ళలో ఆ చెక్క నాకోసం మోగడం అదే మొదలు.
వెంటనే రమ్మనలేదు.
పొగరు కాదు,
ఇంకోసారి తడుతుందేమోనని.

"మీరు రండి. ఆవిడ వద్దు."

ఇంగ్లీషులో మొదలెట్టింది. వెల్ష్‌లో ఆపాను.
ఇంగ్లీషులో నేను బాగున్నానని మాత్రమే చెప్పగలను.
నొప్పి ఎక్కడో చెప్పాలంటే
మా అమ్మ మాటలు కావాలి.
ఆ పిల్ల తడబడుతూ, క్రియలు తప్పుతూ
వాళ్ళ నాయనమ్మ యాసలోకి దిగింది.
పేరు మెలెరి అట.

చెప్పాను.
జూన్ ఎండ కొండమీద ఉండగానే
ఆరున్నరకి పడకేస్తారని.
గంట తాడు చేతికందని చోట ముడేస్తారని.
ఎక్కువసార్లు లాగుతానట.
ఇద్వాల్‌కొచ్చే ఉత్తరాలు చింపి ఇస్తారని.
ఇద్వాల్ తనంతట తను చెప్పడు.
"ఆ పిల్ల రేపు వెళ్ళిపోతుంది ఎలినెడ్,
ఉండేది మనం" అంటాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
"అది కూడా రాసుకో" అన్నాను మెలెరితో,
"భయాన్ని కూడా."

మారివిక్ పేరు మాత్రం రాయొద్దన్నాను.
రాత్రి ఇరవై ఆరుగురికి ఒక్కతే.
తాడు ముడేసేదీ ఆమే,
మూడింటికి వచ్చి ముడి విప్పి
నా దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకునేదీ ఆమే.
"పేరు రాయను, లెక్క రాస్తాను" అంది మెలెరి.
"ఇరవై ఆరుకి ఒకటి."
కాటా గుమస్తాకి ఆ మాట తూగింది.

జూలైలో రిపోర్టు వచ్చింది.
అందరికీ కనబడేలా పెట్టాలట, గోడకి తగిలించారు.
నిలబడ్డవాళ్ళ కంటి ఎత్తులో.
మాలో నిలబడగలిగేది నలుగురు.
కుర్చీలోంచి నాకందింది
కాగితం అడుగంచు, ఒక పేజీ నంబరు.

తోటపని హ్యూని పిలిచాను. "ఆ మేకు దించు."
"మేడమ్‌ని అడగొద్దూ?"
"అడుగు. దించాక అడుగు."

రాత్రి భోజనమయ్యాక
ఇద్వాల్ కుర్చీ తోసుకుంటూ వచ్చాడు.
పలక మీద దిద్దే పిల్లాడిలా
వేలు పెట్టి చదువుతున్నాడు.
మూడో పేజీలో వేలు ఆగింది.
నావైపు చూడలేదు.
అదే వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు,
ఈసారి కాస్త గట్టిగా.

ఏడుంపావయింది.
మమ్మల్నెవరూ పడకేయలేదింకా.
మర్చిపోయారో, జంకారో,
నేనడగలేదు.
గోడమీద, పైన, పాత మేకు చిల్ల.
కొండమీద ఎండ.