గుప్పెడు తక్కువ

కుతాయిసిలో, వంతెన దిగగానే ఎడమ సందులో
మా రొట్టెల బట్టీ.
తెల్లవారుజామున నాలుగింటికి
మట్టిపొయ్యి లోపలి గోడకి పిండిని చాచి కొడితే
పడవలా సాగి అంటుకోవాలి షోతి.
మూడు వారాలుగా అంటుకోవడం లేదు.
జారి నిప్పుల్లో పడుతోంది,
రోజుకి నలభై, ఒక్కోనాడు అరవై.
లెక్కలు రాసేదాన్ని, నాకు తెలుసు.

పిండి పలచనైందన్నాడు నుగ్జార్.
అన్నది సియూరితో కాదు, గోడతో.
గోడే సరిగ్గా కాలడం లేదంది సియూరి,
పిండి తొట్టిలోకి చూస్తూ.
కట్టెలు పచ్చివని ఇద్దరూ మాల్ఖజ్ మీద పడ్డారు.
ఆ ఒక్క సంగతిలోనే వాళ్ళకి మాట కలిసింది.
పంతొమ్మిదేళ్ళవాడు, ఏమంటాడు?
కట్టెలు దించే చప్పుడు పెంచాడు.

తర్వాత ఉప్పుడబ్బా మాయమైంది.
తర్వాత ఎవరి టీ గ్లాసు వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు.
తర్వాత, సియూరి తల్లి పోయిన నలభయ్యో రోజున
అందరం వెళ్ళాం, నుగ్జార్ రాలేదు.
రొట్టె తగువు అక్కడితో అయిపోయింది.
ఇక మనుషుల తగువు.

ఓ ఆదివారం షట్టరు సగానికి దించి
లమారా మమ్మల్ని పిండి బస్తాల మీద కూర్చోబెట్టింది.
బట్టీ ఆమెది, అప్పూ ఆమెదే.
తప్పెవరిదని అడుగుతుందనుకున్నాం,
జవాబులు నాలుక చివర పెట్టుకుని వచ్చాం.
ఆమె అడిగింది వేరు.
"ఈ మూడు వారాల్లో నువ్వేం మార్చావు?
పక్కవాళ్ళ ఊసొద్దు. నీ చేతులేం చేశాయో చెప్పు."

ఎవరూ కదల్లేదు.
బయట ఎవరో షట్టరు తట్టి
రొట్టె ఉందా అని అడిగి, పోయారు.

ముందు నోరు విప్పింది మాల్ఖజే.
"కట్టెలు పచ్చివే. పొగ పోవాలని
కింద గాలికంత ఇంకో ఇటుక మేర తెరిచాను."
"గోడ మాడిపోతోంటే," నుగ్జార్ గొణిగాడు,
"ఉప్పునీళ్ళు రెండోసారి చల్లాను."
"రొట్టె రాయిలా వస్తోంటే ఏం చెయ్యను," సియూరి,
"చెంబెడు నీళ్ళు ఎక్కువ పోశాను.
కొనుక్కునేవాళ్ళలో పళ్ళు లేని ముసలాళ్ళున్నారు."

అంతే.
అందరూ సరిచేసినవాళ్ళే.
ఒకరు దిద్దినదాన్ని ఒకరు దిద్దుతూ,
చీకట్లో, చెప్పకుండా, మంచికే.
మూడు వారాలు మా పొయ్యిలో పడి కాలింది
మా దిద్దుబాట్లు.

నుగ్జార్ టోపీ తీసి మోకాలి మీద బోర్లించాడు.
"ఆ రోజు నీ గుమ్మం దాకా వచ్చాను, సియూరీ.
లోపల నవ్వులు వినిపించాయి.
నా గురించేననుకుని తిరిగిపోయాను."
"అమ్మ గురించి నవ్వుకున్నాం," అంది సియూరి.
"మేకపిల్లని కోటు కింద దాచి
బస్సెక్కించిన కథ ఎవరో చెప్పారు."
అని, తొట్టి కడగడానికి లేచింది.
అది క్షమించడమో కాదో
ఇప్పటికీ నాకు తెలీదు.

లమారా పొయ్యి పక్కన నల్లపలక తగిలించింది.
ఎవరేం మార్చినా దాని మీద రాయాలి, కింద పేరు.
ఇటుక మూశాను, మాల్ఖజ్.
ఉప్పునీళ్ళు ఒక్కసారే, నుగ్జార్.
నలభై పద్దెనిమిదైంది,
పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది.
మళ్ళీ గోడతో మాట్లాడబోయి నుగ్జార్
పలక చూసి ఊరుకున్నాడు.

నన్నెవరూ అడగలేదు.
లెక్కలు రాసే మనిషికి చేతులుంటాయని
ఎవరికి గుర్తుంటుంది?
తలా పాపం తిలా పిడికెడంటారు,
నా పిడికెడు పిండిలోనే ఉంది.
రొట్టెలు కాలిపోతున్న నష్టం పూడ్చాలని
తూకం దగ్గర ప్రతిసారీ
ఓ గుప్పెడు పిండి తగ్గించాను.
బస్తాల మీద కూర్చున్న ఆ ఆదివారం
గోటితో గోనెపట్టా పీకుతూ
ఆ మాట మింగేశాను.

పదకొండు రోజులు సుద్దముక్కని దాటి నడిచాను.
పన్నెండోనాడు అందరికంటే ముందొచ్చి రాశాను.
గుప్పెడు తక్కువ. దాలి.

సియూరి చదివింది.
నా వైపు చూడలేదు.
నిండుగా ముంచిన చెంబులోంచి
కొంచెం నీళ్ళు వెనక్కి వంపింది.